వేసవి సెలవుల్లో పిల్లల చదువు – మన సంఘాల బాధ్యత

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు, సంఘాల గ్రేడింగు గురించి మాట్లాడుకున్నాం. అవన్నీ అవసరమే. కానీ ఒక్కసారి మీ సంఘం జూన్ నెల తీర్మాన పుస్తకం తీసి చూడండి. అప్పు ఎందుకు అనే చోట ఎక్కువ పేర్ల పక్కన ఏముంటుంది? పిల్లల ఫీజు, పుస్తకాలు, హాస్టలు సామాను. అంటే మనం వారం వారం దాచుకున్న పొదుపు, నెల నెలా కట్టే వాయిదా చివరికి పోయేది పిల్లల చదువు దగ్గరికే. అంత ఖర్చు పెట్టి చదివించే చదువు వేసవిలో ఏమవుతుందో చూసుకోవడం కూడా మన పనే అని చెప్పడానికి నిలబడ్డాను.

మన దగ్గర బడులు ఏప్రిల్ 23తో మూస్తే మళ్ళీ జూన్ 12న తెరుస్తారు. లెక్క వేసుకోండి. ఏప్రిల్‌లో 7 రోజులు, మే నెల 31, జూన్‌లో 11. మొత్తం 49 రోజులు. ఏడు వారాలు. దానికి ముందు మార్చి మధ్య నుంచే ఒంటిపూట బడులు. పెద్ద పిల్లలకి అంత నష్టం ఉండదు. అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లలకి ఏడు వారాలు చాలా ఎక్కువ. రెండో తరగతిలో ఒత్తులు వచ్చిన పిల్ల, జూన్‌లో పుస్తకం తెరిస్తే "అమ్మ" దగ్గర ఆగదు కానీ "విద్యార్థి" దగ్గర ఆగిపోతుంది. ఎక్కాలు ఐదు దాకా వచ్చినవాడు మూడు దగ్గర తడుముకుంటాడు. బడి తెరిచాక టీచరు కొత్త పాఠం మొదలుపెడతారు. వీడు పాతదే మర్చిపోయి ఉంటాడు. అక్కడ మొదలైన వెనకబాటు ఏడాదికేడాది పెరుగుతుంది.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. ప్రథమ్ అనే సంస్థ అసర్ పేరుతో దేశమంతా పల్లెల్లో ఇళ్ళకు వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తుంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 27 మంది. తర్వాత కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. 2022లో చూస్తే 20 మందికి పడిపోయింది. మళ్ళీ బడులు సరిగ్గా నడిచాక 2024కి 27కి వచ్చింది. బడి మూస్తే చదువు ఎలా జారిపోతుందో, మళ్ళీ పట్టించుకుంటే ఎలా తిరిగి వస్తుందో ఈ మూడు అంకెలే చెబుతాయి. వేసవి సెలవులు కరోనా అంత పొడుగు కాదు. కానీ ప్రతి ఏడూ వస్తాయి.

ఇక్కడ కొంతమంది పెద్దమ్మలు నా వైపు చూస్తున్నారు. "ఎండాకాలం కూడా చదువేనా, పిల్లల్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వరా" అని. పెద్దమ్మా, నేనూ అదే అంటున్నాను. అమ్మమ్మ ఊరికి పంపించండి. మామిడి పళ్ళు తిననివ్వండి. ఆడుకోనివ్వండి, మధ్యాహ్నం నిద్రపోనివ్వండి. సెలవుల్లో ట్యూషన్లు పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టమని ఎవరూ చెప్పడం లేదు. నేను అడిగేది రోజుకి అరగంట. 49 రోజుల్లో రోజుకి ఒక్క పేజీ చదివినా 49 పేజీలు అవుతాయి. మన పొదుపూ ఇంతే కదా. ఒకేసారి వెయ్యి తెమ్మంటే ఎవరి వల్లా కాదు, చిన్న మొత్తం క్రమం తప్పకుండా కడితే సంఘం నిలబడింది.

మొదట మన పిల్లలకి ఏం వచ్చో, ఏం రాదో మనం తెలుసుకోవాలి. ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు చూసి సంతోషపడితే తెలియదు. ఇంట్లోనే ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. చదవడానికి నాలుగు మెట్లు పెట్టుకోండి. ఒకటి, విడి అక్షరాలు. రెండు, గుణింతాలు, ఒత్తులు ఉన్న చిన్న మాటలు. మూడు, నాలుగు వాక్యాల పేరా. నాలుగు, రెండో తరగతి పుస్తకంలో ఒక చిన్న కథ. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఐదో తరగతి పిల్లాడు రెండో మెట్టు మీదే ఆగితే, ఐదో తరగతి పుస్తకం ఇచ్చి చదవమంటే ఏడుస్తాడు. మాటల దగ్గర మొదలుపెట్టండి, సిగ్గేమీ లేదు.

లెక్కలకీ అంతే. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు చదవడం, తర్వాత తీసివేత, తర్వాత భాగహారం. తీసివేతలో 58 లోంచి 23 తీసేయమంటే చాలామంది చేస్తారు. 52 లోంచి 27 తీసేయమనండి. రెండు లోంచి ఏడు పోదు, పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకోవాలి. ఆ అప్పు దగ్గరే పిల్లలు తప్పు చేస్తారు. అప్పు తేవడం, తిరిగి కట్టడం మనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? చింతపిక్కలు పదేసి కట్టలుగా పెట్టి చూపిస్తే రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

"నాకే చదువు రాదు, నేనేం చెప్పను?" అని అడిగే అక్కలు ఉన్నారు. అక్కా, నీకు చదవడం రాకపోయినా వినడం వచ్చు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదవమను. నువ్వు బియ్యం ఏరుకుంటూ విను. గడగడా చదువుతుందా, మాట మాటకీ ఆగుతుందా అన్నది చెవికి తెలిసిపోతుంది. ఆగినప్పుడు కసరొద్దు, మళ్ళీ చదవమను. కథ అయ్యాక "ఏమైంది? వాడు ఎందుకలా చేశాడు? నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడుగు. చెప్పగలిగితే అర్థమైనట్టు. నోటికి చదివేసి ఏమీ చెప్పలేకపోతే ఇంకోసారి నెమ్మదిగా చదివించాలి. దీనికి తల్లికి డిగ్రీ అక్కర్లేదు. పిల్ల మీద ధ్యాస ఉంటే చాలు.

ఇంగ్లీషు మీడియం అని భయపడేవాళ్ళకి ఒక మాట. మన ప్రభుత్వ బడుల పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు. ముందు తెలుగు పేజీ చదివించండి. విషయం అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీలో పది మాటలు గుర్తుపట్టమనండి. మనకి తెలుగు వస్తే పిల్లకి సైన్సు, లెక్కలు చెప్పించుకునే దారి ఆ పుస్తకంలోనే ఉంది.

అందుకే ఇంకో విషయం. ఏప్రిల్‌లో పరీక్షలు అవ్వగానే పుస్తకాలు పాత పేపర్ల బండికి వేసేస్తున్నాం. కిలోల లెక్కన తూకం వేసి అమ్మితే వచ్చేది ఎంత? దయచేసి జూన్ దాకా అమ్మకండి. ఈ ఏడాది పుస్తకం తిరగేయడానికి పనికొస్తుంది. పై తరగతి పిల్లల పుస్తకం కింది తరగతి పిల్లలకి ఇప్పిస్తే రాబోయే పాఠాలు ముందే చూసుకుంటారు. నోటు పుస్తకాల్లో చివర మిగిలిన తెల్ల కాయితాలు చింపి, సూదీ దారంతో కుట్టండి. వేసవికి సరిపడా రాత పుస్తకం ఖర్చు లేకుండా తయారు.

రాయడం అంటే చూచిరాత ఒక్కటే అనుకోవద్దు. ఇంటికి కావలసిన కిరాణా చీటీ పిల్లల చేత రాయించండి. కందిపప్పు, ఉప్పు, బెల్లం, అల్లం, వెల్లుల్లి, నువ్వులు. చూశారా, ఒత్తులన్నీ వంటింట్లోనే ఉన్నాయి. కొట్టు నుంచి వచ్చాక ధరలు వేయించి కూడించండి, ఐదు వందల నోటు ఇస్తే ఎంత మిగలాలో చెప్పమనండి. రేషన్‌లో మనిషికి 5 కిలోలు అయితే నలుగురికి ఎంత? కరెంటు బిల్లులో పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు ఉంటాయి, తీసివేసి యూనిట్లు సరిపోయాయో లేదో చూడమనండి. మందు సీసా మీద గడువు తేదీ చదవమనండి. అమ్మమ్మకి ఒక ఉత్తరం రాయమనండి. తన మాటలు తను రాసుకోవడం వస్తే పిల్లకి రాతంటే భయం పోతుంది.

ఆరు నుంచి పై తరగతుల పిల్లలకి మన సంఘం పుస్తకమే పెద్ద లెక్కల పుస్తకం. ఒక లెక్క చెబుతాను, ఇంటికి వెళ్ళి వేయించండి. అమ్మ సంఘంలో 20,000 రూపాయలు తీసుకుంది. నూటికి నెలకి రూపాయి వడ్డీ. నెలకి 2,000 అసలు కడుతుంది. మొదటి నెల వడ్డీ 200. రెండో నెల మిగిలిన 18,000 మీద 180. అలా తగ్గుతూ పదో నెలకి 20. పది నెలల వడ్డీ కూడితే 1,100 అవుతుంది. అదే అప్పు వాయిదాలు కట్టకుండా పది నెలల తర్వాత ఒకేసారి కడితే వడ్డీ 2,000. తేడా 900. ఈ లెక్క చేసిన పిల్లకి శాతాలు వస్తాయి. వాయిదా ఎందుకు తప్పకూడదో కూడా వస్తుంది. రేపు ఆ పిల్లే మన సంఘం పుస్తకాలు రాస్తుంది.

ఆటలూ చదువే. వామనగుంటలు ఆడితే ఇటు ఏడు, అటు ఏడు గుంటల్లో గింజలు పంచుకుంటూ పోవడంలో లెక్క ఉంది. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి నాలుగా, ఎనిమిదా అని చూసుకుంటూ కాయ ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసుకోవాలి. నాయనమ్మలు పొడుపు కథలు, వేమన పద్యాలు చెబితే పిల్లల నోట్లో భాష నిలుస్తుంది. చదువుకోని నాయనమ్మ దగ్గర కూడా ఇవ్వడానికి ఇంత ఉంది.

ఇక ఫోను. ఫోను పూర్తిగా లాక్కుంటే గొడవ, పూర్తిగా ఇచ్చేస్తే రీల్సు. పుస్తకంలో పాఠం దగ్గర నల్ల గళ్ళ క్యూఆర్ కోడ్ ఉంటుంది. దీక్ష యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. స్టోరీవీవర్ అనే చోట తెలుగులో బొమ్మల కథలు డబ్బు లేకుండా చదువుకోవచ్చు. ఇంట్లో టైము పెట్టండి, పెద్దవాళ్ళు ఉన్నప్పుడే చూడమనండి. ఫోను లేని ఇంటి పిల్లలు బాధపడక్కర్లేదు. శాఖా గ్రంథాలయాల్లో వేసవిలో పిల్లలకి విజ్ఞాన శిబిరాలు పెడతారు. మీకు దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి వెళ్ళి అడగండి.

మా గ్రామ సంఘంలో పోయిన వేసవి ఏం చేశామో క్లుప్తంగా చెబుతాను. ఏప్రిల్ సమావేశంలో ఇదొక అంశంగా పెట్టి తీర్మానం రాశాం. ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలు ముగ్గురు ముందుకొచ్చారు. వాళ్ళూ మన సభ్యుల కూతుళ్ళే. రామాలయం అరుగు మీద, అంగన్‌వాడీ వరండాలో, వేపచెట్టు కింద, మూడు చోట్ల పిల్లల్ని కూర్చోబెట్టాం. తరగతి చూసి కాదు, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి కలిపాం.

అన్నీ సాఫీగా జరగలేదు. పొద్దున ఏడింటికి పెడితే మొదటి వారం నిండుగా వచ్చారు. రెండో వారానికి మగపిల్లలు జారుకున్నారు. తల్లులు మిర్చి తొడిమలు తీసే పనికి పోతే చిన్న పిల్లల్ని చూసుకోవడానికి ఆడపిల్లలు ఇంట్లోనే ఉండిపోయారు. మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నాం. టైము సాయంత్రం ఆరున్నరకి మార్చాం. అప్పటికి తల్లులు ఇంటికొస్తారు. తమ్ముణ్ణి, చెల్లిని కూడా వెంట తెచ్చుకోవచ్చని చెప్పాం. వాళ్ళకి బలపం, పలక ఇచ్చి పక్కన కూర్చోబెట్టాం. చదువు అయ్యాక పావుగంట క్యారమ్స్, పొడుపు కథల పోటీ పెట్టాం. అప్పుడు మగపిల్లలూ తిరిగొచ్చారు. ఖర్చంటారా, సుద్దముక్కలు, పలకలు, చార్టులు, అప్పుడప్పుడు మజ్జిగ. సభ్యులం తలా కొంచెం వేసుకున్నాం. చెప్పిన పిల్లలకి జూన్‌లో పుస్తకాలు కొనిపెట్టాం.

ఇప్పుడు బరువైన మాట ఒకటి చెప్పాలి. వేసవిలో మర్చిపోయేది పాఠం ఒక్కటే కాదు, కొంతమంది పిల్లలు బడినే మర్చిపోతున్నారు. మా ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి సెలవుల్లో అమ్మతో పాటు తొడిమల పనికి వెళ్ళింది. చేతిలో డబ్బు పడింది, ఇంట్లో అవసరమూ ఉంది. జూన్ 12 వచ్చింది, పోయింది. "వచ్చే వారం పంపిస్తాం" అన్నారు. జూలైలో కూడా వెళ్ళలేదు. మా సంఘం వాళ్ళం ముగ్గురం నాలుగు సార్లు ఆ ఇంటికి వెళ్ళాం. మొదటిసారి వాళ్ళ నాన్న మాట్లాడలేదు. ఆ ఇంటికి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు ఉందని తెలిసి, సంఘం అంతర్గత అప్పు ఇప్పించి అది తీర్పించాక గానీ పిల్ల బడికి పోలేదు. ఆగస్టులో వెళ్ళింది. ఇప్పుడు తొమ్మిది పరీక్షలు రాస్తోంది.

ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అవసరం ఎవరికైనా వస్తుంది. కానీ 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్ట ప్రకారం నేరం. ఘాటులో కూర్చుని తొడిమలు తీస్తే పెద్దవాళ్ళకే దగ్గు, కళ్ళ మంట, చేతుల మంట. కిలోకి 10 రూపాయలు అనుకుందాం. పొద్దున ఎనిమిది కిలోలు, సాయంత్రం ఏడున్నర కిలోలు తీస్తే 155 రూపాయలు. ఈ లెక్క పిల్ల చేత వేయించండి. పని మనం చేద్దాం, లెక్క వాళ్ళు వేస్తారు.

వేసవి అంటే పెళ్ళి ముహూర్తాల కాలం కూడా. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లకి సంబంధం వచ్చిందని మే నెలలో తాంబూలాలు మార్చేసుకుంటున్నారు. 18 ఏళ్ళు నిండకుండా ఆడపిల్లకి పెళ్ళి చేయకూడదని 2006 చట్టం చెబుతోంది. మీ వీధిలో అలాంటిది తెలిస్తే ముందు సంఘం తరఫున వెళ్ళి మాట్లాడండి. వినకపోతే సచివాలయంలో మహిళా పోలీసుకి చెప్పండి, లేదా 1098కి ఫోను చేయండి. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలకి ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. తిండి, బస, చదువు అన్నీ అక్కడే. చేర్చడానికి దరఖాస్తులు ఈ రోజుల్లోనే పెట్టుకోవాలి, ఆలస్యం చేయకండి.

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు పిల్ల తప్పితే ఇంట్లో తిట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. సప్లిమెంటరీ పరీక్ష సెలవుల్లోనే పెడతారు. అది రాసి పాసైతే ఏడాది పోదు. ఫీజు కట్టే తేదీ బడికి వెళ్ళి కనుక్కోండి. తప్పిన పిల్లకి ఆ నాలుగు వారాలు ఇంటి పని తగ్గించండి.

చివరగా జాగ్రత్తలు. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని ఎండలో తిరగనివ్వొద్దు. నీళ్ళు, మజ్జిగ తాగిస్తూ ఉండండి. కాలవలకి, చెరువులకి, క్వారీ గుంటలకి పిల్లలు ఒంటరిగా ఈతకి పోకుండా చూడండి. ప్రతి ఏడూ ఈ సెలవుల్లోనే ఎన్నో ఇళ్ళల్లో ఏడుపులు వింటున్నాం.

అక్కలారా, నేను సభ ముందు పెట్టే ప్రతిపాదన ఇది. ఏప్రిల్ నెల సమావేశంలో ప్రతి గ్రామ సంఘం ఈ అంశం పెట్టాలి. ఊళ్ళో చెప్పగలిగిన ఆడపిల్లల్ని గుర్తించి ఒక చోటు, ఒక టైము అనుకోవాలి. ప్రతి సంఘం తన సభ్యుల పిల్లల పేర్లు, తరగతి, ఏ మెట్టు మీద ఉన్నారో ఒక కాయితం మీద రాసుకోవాలి. మే నెల సమావేశంలో పొదుపు, వాయిదాలు అడిగినట్టే "నీ పిల్ల చదువుతోందా?" అని అడగాలి. జూన్ 12 తర్వాత వారంలోపు ఆ జాబితా పట్టుకుని ఎవరు బడికి వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు చూడాలి. వెళ్ళని పిల్ల ఇంటికి సంఘం వెళ్ళాలి. ఆ ఇంట్లో అప్పు కారణమైతే అప్పు సంగతి చూడాలి, భయం కారణమైతే ధైర్యం చెప్పాలి.

మనం మొదట్లో సంతకం పెట్టడం రాక వేలిముద్రలు వేసిన సంఘాలు. ఇవాళ అదే సంఘాల సభ్యులు బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని లెక్క అడుగుతున్నారు. మన పిల్లలు మనకంటే రెండు మెట్లు పైకి ఎక్కాలి. ఈ ప్రతిపాదనకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమని కోరుతున్నాను. తీర్మానంగా రాయమని కార్యదర్శి గారిని అడుగుతూ సెలవు తీసుకుంటున్నాను.